తుప్పు కంటే తొందర ప్రమాదం



మా పేట పేరు ఎర్రగడ్డ. రాయలసీమ నుండి వచ్చే రోగుల బంధువులు ఆ పేరు విని నవ్వుకుంటారు. వారి వైపు ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. పోయిన నెలలో మా స్త్రీల వార్డులో ఎరుపు మాట వేరే విధంగా వచ్చింది. ఉదయం రౌండ్స్‌కు వెళ్లినప్పుడు, బాలింతకు తోడుగా ఉన్న ఆమె తల్లి ఒక బకెట్టు తెచ్చి నా ముందు పెట్టింది. "ఏంది సిస్టరమ్మా, నీళ్లు గిట్ల ఎర్రగ వస్తున్నయ్? పసిపిల్లకు గీటితోనే పొయ్యాల్నా?" అని అడిగింది. బకెట్టు అడుగున ఇటుక పొడి లాంటి మడ్డి కనిపించింది. ఆ నీళ్లు పారబోయించి, కింద సంపులో నుండి వేరే నీళ్లు తెప్పించాము. మేడ మీదికి మనిషిని పంపి చూపిస్తే, ఇనుప ట్యాంకు మూత లోపలి వైపు తుప్పు పట్టి, పెచ్చులు పెచ్చులుగా ఊడి నీళ్లలో పడుతున్నదని తెలిసింది.

ఆ రోజు నుండి నాకు ఒకే సలహా వినబడుతున్నది. "ఒక పెయింటర్‌ను పిలిపించి ఆదివారం నాడు రంగు కొట్టించేస్తే పోతుంది కదా మేడమ్!" అని. చెప్పేవారు మంచి మనసుతోనే చెబుతున్నారు. అయినా నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో రోగులకు, సంఘ కుటుంబాలకు వివరించడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. నేను ఇంజనీరును కాను, నర్సును. కాని ఆసుపత్రిలో నీరు కూడా మందుతో సమానమే. గాయం కడిగేది, పాలసీసా మరిగించేది, మందు మింగించేది ఆ నీటితోనే. పైగా ఒకప్పుడు ఇటువంటి పనిలో తొందర పెట్టినదానిని నేనే. ఆ సంగతి కూడా దాచకుండా కింద చెబుతాను.

తుప్పు ఎక్కడ పడుతుంది?

ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు పడుతుంది. తుప్పుకు ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి. అందుకే అది పైనున్న రంగును పొక్కులా లేపి ఊడగొడుతుంది. రంగు ఊడిన చోట మళ్లీ నీరు, మళ్లీ గాలి, మళ్లీ తుప్పు.

నీటిలో మునిగి ఉన్న భాగమే ఎక్కువ పాడవుతుందని మనం అనుకుంటాము. తరచుగా అంతకంటే ఎక్కువ పాడయ్యేది నీటి మట్టానికి పైన, మూత కింది భాగం. పగటి ఎండకు లేచిన ఆవిరి రాత్రి చల్లబడి మూతకు చెమటలా పడుతుంది. అక్కడ గాలికి కొదువ లేదు. నీటిలో నుండి లేచే క్లోరిన్ కూడా అక్కడే చేరుతుంది. మనమేమో మూత ఎత్తి నీళ్లు తేటగా ఉన్నాయా అని చూస్తాము గాని, మూతను తిరగేసి చూడము. ఇంకా అడుగున మడ్డి పేరుకున్న చోట, వెల్డింగ్ అతుకుల దగ్గర, ఇనుప రేకుకు ఇత్తడి వాల్వు బిగించిన చోట గుంటలు పడతాయి.

మన నగరంలో చాలా పేటలకు నల్లా నీరు రోజు విడిచి రోజు వస్తుంది. అందుచేత కింద సంపు, పైన ట్యాంకు తప్పనిసరి అయ్యాయి. 1908 మూసీ వరదల తరువాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ మొదలుకొని మంజీర, సింగూరు, కృష్ణా, గోదావరి వరకు ఎంతో దూరం నుండి, ఎంతో ఖర్చుతో నీరు శుద్ధి అయి మన గేటు దాకా వస్తున్నది. గేటు దాటిన తరువాత ఆ నీటికి బాధ్యులం మనమే.

తుప్పు నీళ్లు తాగితే రక్తం పడుతుందా?

నవ్వకండి. ఈ ప్రశ్న నన్ను ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. "రక్తం తక్కువుందన్నరు కద, నీళ్లల్ల ఐరన్ ఉంటె మంచిదే కద సిస్టర్?" అంటారు. మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నది కాబట్టి దీనికి సరిగ్గా జవాబు చెప్పాలి. తుప్పులో ఉన్న ఇనుము నీటిలో కరగనిది. పేగు దానిని చాలా కొద్దిగా మాత్రమే తీసుకుంటుంది. కాబట్టి ట్యాంకు తుప్పుతో రక్తం పట్టదు. డాక్టరు వ్రాసిన మాత్రలు, ఆకుకూరలు, పప్పులు, వాటితో కొంచెం నిమ్మరసం తీసుకుంటే రక్తం పడుతుంది.

మరి తుప్పు నీరు విషమా? అదీ కాదు. నీటిలో ఇనుము లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే బట్టలకు మరకలు పడతాయి, రుచి మారుతుంది. ఆ మాత్రానికి మనిషికి జబ్బు రాదు. అసలు హాని వేరే దారిలో వస్తుంది. తుప్పు నీటిలోని క్లోరిన్‌ను తినేస్తుంది. తుప్పు ముద్దల సందుల్లో క్రిములు దాక్కుంటాయి. నీటిలో కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటేనే కొళాయి దాకా రక్షణ ఉంటుంది. అది లేనప్పుడు ఏ చిన్న లీకేజీ అయినా పెద్ద ప్రమాదమే. 2009 మే నెలలో మన నగరంలోని భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన తాగునీటి వల్ల పలువురు ప్రాణాలు కోల్పోయిన సంగతి చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది.

అమెరికాలో ఫ్లింట్ అనే ఊరున్నది. అక్కడ 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించడానికి నీరు తెచ్చే చోటు మార్చారు. గొట్టాలను నీరు తినివేయకుండా కలపవలసిన మందు కలపలేదు. నీళ్లు ఎర్రబారాయి. పాత గొట్టాలలోని సీసం పిల్లల రక్తంలో చేరింది. ఆ రెండేళ్లలోనే ఆ ప్రాంతంలో లెజియొనెల్లా అనే క్రిమి వల్ల వచ్చే న్యుమోనియాతో 12 మంది మరణించారు. ఎర్ర నీటిలో కంటికి కనిపించేది ఇనుము. కనిపించనివి ఆ వెనుక ఉంటాయి.

ఇక్కడే ఇల్లాళ్లకు ఒక మాట. తుప్పు మరక పడిన తెల్లబట్టను బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టకండి. క్లోరిన్ తగిలితే ఆ మరక ఇంకా గట్టిపడుతుంది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో కాసేపు ఉంచి ఉతకండి. మా దోబీఖానాలో కొత్తవారు ఈ పొరపాటు చేసి ఎన్ని దుప్పట్లు పాడు చేశారో చెప్పలేను.

పుండు కడగకుండా కట్టు కట్టవద్దు

నర్సింగ్ స్కూలులో మాకు మొదట నేర్పే సంగతులలో ఇది ఒకటి. చీము, చచ్చిన చర్మం ఉన్న పుండు మీద ఎంత ఖరీదైన మందు రాసి కట్టు కట్టినా అది మానదు. పైకి తెల్లగా ఉంటుంది, లోపల కుళ్లుతుంది. ముందు శుభ్రం చేయాలి, తరువాత మందు, ఆ తరువాత కట్టు.

ఇనుప ట్యాంకు సంగతి కూడా అంతే. తుప్పు మీద రంగు వేస్తే ఆ రంగు పట్టుకున్నది తుప్పును గాని ఇనుమును కాదు. తుప్పు ఊడితే రంగు కూడా ఊడుతుంది. ఈ పనిలో ఆరితేరినవారు చెప్పేది ఏమంటే, పూత ఎన్నాళ్లు ఉంటుందన్నది రంగు డబ్బా కంటే రేకును ఎంత శుభ్రం చేశారన్నదాని మీదనే ఎక్కువ ఆధారపడుతుంది. మడ్డి తీసి, సబ్బు నీటితో జిడ్డు కడిగి, మంచి నీటితో ఉప్పు పోయేలా కడిగి, ఆరబెట్టి, అప్పుడు ఇనుము తెల్లగా మెరిసేవరకు తుప్పు తీయాలి. పెద్ద ట్యాంకుకు గాలి ఒత్తిడితో రజను కొట్టే బ్లాస్టింగ్ పద్ధతి మేలు. ఉత్త వైర్ బ్రష్‌తో గీకితే గుంటల్లోని తుప్పు పోదు.

బ్లాస్టింగ్ అనగానే కొందరు మామూలు ఇసుక వాడతారు. అది వద్దు. ఇసుక దుమ్ము ఊపిరితిత్తులలో పేరుకొని సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. దానికి మందు లేదు. మా ఆసుపత్రికి దగ్గరలోనే ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉన్నది. రాళ్లు కొట్టేవారు, ఇసుక దుమ్ములో పనిచేసేవారు రొప్పుతూ నడిచి వెళ్లడం చూసినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. ఈ పనికి ఇసుక వాడడాన్ని బ్రిటన్‌లో 1950 నాటికే నిషేధించారు. గార్నెట్, రాగి చిట్టెం వంటి వేరే రజను దొరుకుతుంది. ఏది వాడినా, పనివానికి బయట నుండి గాలి అందే ముసుగు ఉండవలసిందే.

శుభ్రం చేసిన ఇనుము ఊరికే ఉండదు. తేమ గాలికి కొద్ది గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. కాబట్టి ఆ పూటే మొదటి పూత పడాలి. గాలిలో తేమ 85 శాతం దాటితే వేయకూడదు. ముసురు పట్టిన రోజుల్లో వేసిన పూత అందుకే నిలవదు. మండు వేసవిలో మేడ మీద రేకు కాలిపోతూ ఉంటే కలిపిన రంగు డబ్బాలోనే గట్టిపడుతుంది, పైగా నీటి ఎద్దడి. మన ఊరికి క్రిస్మస్ పండుగ అయిన తరువాత, ఎండలు ముదరకముందు ఉన్న రెండు నెలలు ఈ పనికి తగిన కాలమని నా అభిప్రాయం.

పూత కూడా మందు లాంటిదే

"రంగు" అన్నది ఒకే మాట గాని, డబ్బాలు వేరు వేరు. గేటుకు వేసే రెడ్ ఆక్సైడ్, డ్రైనేజీ గొట్టానికి వేసే తారు రంగు, వెండిలా మెరిసే అల్యూమినియం రంగు తాగునీటి ట్యాంకు లోపలికి పనికిరావు. బొగ్గు తారులో క్యాన్సర్ కలిగించే పదార్థాలు ఉంటాయి. పూర్వం ఇనుముకు రెడ్ లెడ్ అనే సీసపు రంగు విరివిగా వేసేవారు. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఇంత వరకైతే ఫరవాలేదు అనదగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. నీళ్లు కాచినా సీసం పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

మన దేశంలో పెట్రోలులో సీసం కలపడం 2000లో ఆపారు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. కాని ఆ నిబంధన ఇంటి రంగులకు, అలంకరణ రంగులకు సంబంధించినది. ఇనుప సామానుకు వేసే పారిశ్రామిక రంగుల సంగతి వేరు. దుకాణంలో "ఇదీ మంచిదే అమ్మా" అంటే సరిపోదు. తాగునీటికి తగినదని పరీక్ష చేసిన కాగితం చూపమని అడగండి. మంచి కంపెనీల పూతలకు ఎన్ఎస్ఎఫ్ 61 లేదా బీఎస్ 6920 అనే ధ్రువపత్రం ఉంటుంది. సాధారణంగా ఇవి థిన్నర్ లేని రెండు డబ్బాల ఎపాక్సీ పూతలు. రెండు డబ్బాలను చెప్పిన కొలతలో కలపాలి. "కొంచెం అటూ ఇటూ అయితే ఏమిటి" అంటే పూత ఎన్నటికీ సరిగ్గా గట్టిపడదు. ఆ కలవని మందు నీటిలోకి దిగుతుంది. ఇంజక్షన్‌కు పొడి మందు కలిపేటప్పుడు మేము అటూ ఇటూ చేస్తామా?

పూత విషయంలో ఆసుపత్రులవారు ఎన్నటికీ మరువరాని సంఘటన ఒకటి ఉన్నది. కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవిలో 1996లో ఒక డయాలసిస్ కేంద్రానికి కొత్త నీటి గొట్టం వేశారు. గొట్టం లోపల సిమెంటు పూత. ఆ పూతలోని అల్యూమినియం నీటిలోకి దిగింది. అక్కడ చికిత్స పొందుతున్న 27 మంది రోగులలో 10 మంది మరణించారు. సిమెంటు పూత చెడ్డదని దీని అర్థం కాదు. నీటి గొట్టాలకు అది ఎన్నో చోట్ల వాడుతున్నారు. ఆరోగ్యవంతుడు తాగే నీటిలోని అల్యూమినియంలో పేగు చాలా కొద్దిగానే లోపలికి రానిస్తుంది, దానిని మూత్రపిండాలు బయటికి పంపుతాయి. డయాలసిస్ రోగికి ఒక్కసారికి దాదాపు 120 లీటర్ల నీరు పలుచని పొర అవతల రక్తాన్ని ఆనుకొని పోతుంది. అతనికి ఆ రక్షణ లేదు. కాబట్టి పూత వేసేముందు ఈ నీరు ఎవరి ఒంట్లోకి పోతుందని అడగాలి. ఈ ప్రశ్న పెయింటర్ అడగడు. అడగవలసినది మనము.

లోపలికి దిగిన మనిషి

ఇప్పుడు నా సంగతి చెబుతాను. నేను ఒక జిల్లా పట్టణంలో వార్డు సిస్టర్‌గా ఉన్న రోజులలో, అక్కడి ఆసుపత్రి ట్యాంకుకు కూడా ఇలాగే తుప్పు పట్టింది. లేబర్ అడ్డా మీద నుండి ఇద్దరిని తీసుకొని వచ్చారు. అన్నదమ్ముల పిల్లలు. వార్డులో నీళ్లు లేవని రోగుల బంధువులు నా మీద కోప్పడుతున్నారు. నేను మేడ మీదికి వెళ్లి, "రేపు పొద్దుటికల్లా నీళ్లు కావాలి, ఎట్లా చేస్తారో చేయండి" అని గట్టిగా చెప్పి వచ్చాను. పెద్దవాడు ట్యాంకులోకి దిగి గీకడం ముగించి, సాయంత్రం థిన్నర్ కలిపిన రంగు మొదలుపెట్టాడు. మూత దగ్గర ఒకే ఒక్క రంధ్రం. కాసేపటికి లోపల నుండి బ్రష్ చప్పుడు ఆగిపోయింది. "అన్నా, అన్నా" అని పిలిచి, పలకకపోతే చిన్నవాడు కూడా దూకాడు. వాడూ పడిపోయాడు.

ఎవరో అరిస్తే నిచ్చెన, తాడు తెచ్చి ఇద్దరినీ బయటికి లాగారు. ఇద్దరినీ మా క్యాజువాలిటీలోనే ఆక్సిజన్ మీద పెట్టాము. దేవుని దయవల్ల ఇద్దరూ బ్రతికారు. చిన్నవాడి తల్లి వచ్చి నా చేతులు పట్టుకొని, "నువ్వే కాపాడినవు తల్లీ" అని ఏడ్చింది. ఆమెకు తెలియదు, తొందర పెట్టినది నేనేనని. నేను కూడా ఆ రోజు చెప్పలేకపోయాను. వచ్చే వానాకాలానికి ఆ రంగు చాపలా ఊడి కొళాయిలలో అడ్డం పడింది. అంతా చేసి మిగిలింది అది.

ఆ ప్రమాదం ఎందుకు జరిగిందో నాకు తరువాత తెలిసింది. మనం పీల్చే గాలిలో 20.9 శాతం ఆక్సిజన్ ఉంటుంది. 19.5 కంటే తగ్గితే అది దిగదగిన చోటు కాదు. మూత వేసి ఉన్న ఇనుప ట్యాంకులో తడి తుప్పు తానే ఆ ఆక్సిజన్‌ను తీసుకుంటుంది. రంగు లేకుండానే ట్యాంకు మనిషిని పడగొట్టగలదు. ఇక థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువైనది, అడుగున నిలుస్తుంది. మొదట తల తిరిగినట్లుంటుంది, తరువాత కాళ్లు ఆడవు. కేక వేయాలన్న తలపు కూడా రాదు. నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. ఇటువంటి మూసిన చోట్ల చనిపోయేవారిలో 60 శాతానికి పైగా, పడినవానిని కాపాడబోయి దిగినవారేనని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ ఎన్ఐఓఎస్‌హెచ్ 1986లో ప్రకటించింది. ఆ చిన్నవాడు దూకినట్లే!

కాబట్టి నా అభిప్రాయం ఇది. ట్యాంకు పని చేయించే ఏ సంస్థ అయినా, ఏ ఇంటివారైనా లోపలికి దిగిన మనిషిని కూడా తమ రోగిగా భావించాలి. బ్లోయర్ పెట్టి గాలి ఆడించనిదే దింపవద్దు, పని సాగినంతసేపూ బ్లోయర్ ఆపవద్దు. నడుముకు పట్టీ, తాడు ఉండాలి. మూత దగ్గర ఒక మనిషి కూర్చొని మాట్లాడుతూనే ఉండాలి. అతనికి వేరే పని చెప్పవద్దు. లోపల వాడే దీపం 24 వోల్టులు మించరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. మామూలు బల్బు వైరు లాగి తడి ఇనుములోకి దింపడం ప్రాణాంతకం. లోపల మనిషి పడిపోతే మీరు దిగకండి. తాడుతో లాగండి, బ్లోయర్ ఆడించండి, 101కి, 108కి ఫోను చేయండి. ఎక్కడైనా గీసుకుపోతే ధనుర్వాతం టీకా వేయించండి. ఆ జబ్బు క్రిమి మట్టిలో, మురికిలో ఉంటుంది, గాయం వెంట లోపలికి పోతుంది. వాచ్‌మన్‌ను, పనిమనిషి కొడుకును, సన్నగా ఉన్నాడని పదిహేనేళ్ల పిల్లవాడిని ట్యాంకులోకి దింపే అలవాటు మన అపార్టుమెంట్లలో ఉన్నది. దయచేసి మానండి.

ఎండనివ్వండి, కడగండి

పూత పడిన తరువాత అసలు ఓర్పు కావాలి. చేతికి అంటకపోతే ఆరిపోయిందని అనుకోవద్దు. లోపలి వరకు గట్టిపడడానికి చాలా ఎపాక్సీ పూతలకు దాదాపు 7 రోజులు పడుతుంది. డబ్బా మీద ఎంత వ్రాసి ఉంటే అంత ఆగాలి. అతుకులకు, అంచులకు ముందుగా బ్రష్‌తో ఒక వరుస వేసి, తరువాత రెండు పూతలు రెండు రంగుల్లో వేయిస్తే ఎక్కడ తప్పిపోయిందో కంటికి కనబడుతుంది.

ఆ తరువాత కడిగి, నీరు నింపి, క్లోరిన్ పెట్టాలి. లెక్క ఇదిగో. వెయ్యి లీటర్ల నీటికి 50 గ్రాముల క్లోరిన్ కావాలి. బ్లీచింగ్ పౌడర్‌లో నాలుగో వంతు క్లోరిన్ ఉందనుకుంటే 200 గ్రాముల పొడి. దానిని బకెట్టులో కలిపి, పైన తేరిన నీటిని మాత్రమే ట్యాంకులో పోయండి. 24 గంటలు ఉంచి, అదంతా వదిలేసి, మళ్లీ మంచి నీరు నింపండి. వాసన ఉంటే తాగవద్దు. ఆసుపత్రి, బడి, హాస్టల్ వంటి చోట్ల నీటిని ల్యాబులో పరీక్ష చేయించనిదే కొళాయి తెరవకూడదు.

మీ ఇంట్లో ట్యాంకు ఉంటే

అయిదు వందలు, వెయ్యి లీటర్ల పాత జింకు రేకు ట్యాంకులు ఇంకా కొన్ని ఇళ్ల మీద ఉన్నాయి. అటువంటివి లోపల తుప్పు పడితే పూత వేయించే ఆలోచన వద్దని నా సలహా. మనిషి సరిగ్గా దిగడానికి, గాలి ఆడడానికి వాటిలో చోటు ఉండదు. పాత ఇనుప సామాను వానికి అమ్మి, తాగునీటికి పనికివచ్చే ప్లాస్టిక్ ట్యాంకో, స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకో పెట్టించుకోండి. పెద్ద ట్యాంకు, రేకు దళసరి ఇంకా బాగుంటే అప్పుడు పూత వేయించడం లాభం. సుత్తితో తట్టి, దళసరి కొలిపించి, పలుచబడిన చోట కొత్త రేకు అతికించాకే పూత.

ఇంకొక్క మాట. ట్యాంకుకు రెండు గదులు ఉంటే ఒకటి మూసి, ఇంకొక దానితో నడుపుకోవచ్చు. కలకత్తాలో 1911లో నీరు నింపిన టాలా ట్యాంకు ఉన్నది. 110 అడుగుల ఎత్తున, 90 లక్షల గ్యాలన్ల ఇనుప ట్యాంకు. దానిని కట్టినవారు ఆనాడే నాలుగు గదులుగా కట్టారు. అందువల్లనే నూరేళ్లు దాటాక మరమ్మతు వచ్చినప్పుడు కూడా ఊరికి నీళ్లు ఆపకుండా ఒక్కొక్క గది బాగు చేసుకోగలిగారు. కొత్తగా ట్యాంకు కట్టించే సంఘాలు, పాఠశాలలు ఈ సంగతి ఆలోచించాలి.

కొంచెం ఓర్చుకుందాం

కొందరు పెద్దలు నాతో, "సిస్టర్, ఆదివారం ఒక్కరోజులో అయ్యే పనికి రెండు వారాలు ఎందుకు? ఖర్చు కూడా ఎక్కువ కదా" అంటున్నారు. ఖర్చు ఎక్కువే, కాదనను. ఆసుపత్రి డబ్బు పేదల డబ్బు అని కూడా నాకు తెలుసు. కాని ఏడాదికే ఊడిపోయే పూతకు పెట్టినది ఖర్చు కాదా? ఒక మనిషి ఊపిరితిత్తులకు, ఒక పసిబిడ్డ మెదడుకు ఏ పుస్తకంలో లెక్క వ్రాస్తాము? రెండు వారాలు బకెట్లు మోయడం కష్టమే. అది రెండు వారాల కష్టం మాత్రమే.

అందుచేత మా ఆసుపత్రిలో ఈ పని వాన తేమ తగ్గిన తరువాతనే చేయాలని, అంతవరకు ఆ ట్యాంకును మూసివేసి, తాత్కాలికంగా పెట్టిన ప్లాస్టిక్ ట్యాంకులతో వార్డులకు నీరు ఇవ్వాలని నేను యాజమాన్యాన్ని కోరాను. డయాలసిస్‌కు, ఆపరేషన్ గదికి వేరే లైను ఉండాలని కూడా కోరాను. పని మొదలైనప్పుడు వార్డు చివర డ్రమ్ములు, మగ్గులు కనిపిస్తాయి. తాగే నీటికి మూత ఉన్న క్యాను వేరుగా ఉంటుంది. దయచేసి అందులో చేయి పెట్టవద్దు. నీళ్లు ఆలస్యమైతే ఆయమ్మల మీద, వార్డు సిస్టర్ల మీద కోప్పడవద్దు. కోపం వస్తే నా గదికి రండి, నన్ను అడగండి.

ఆ బకెట్టు తెచ్చిన అమ్మ డిశ్చార్జి రోజున మళ్లీ నన్ను అడిగింది, "ట్యాంకి బాగైందా సిస్టరమ్మా?" అని. "ఇంకా కాలేదమ్మా, మంచిగ చేయిస్తున్నం, టైం పడుతది" అన్నాను. ఆమె మనవరాలిని భుజాన వేసుకొని, "టైం పట్టనీ తియ్యి. పిల్లను మళ్లీ టీకాకు తెచ్చినప్పుడు చూస్త" అని వెళ్లిపోయింది.

ఆమె వచ్చేసరికి తేట నీళ్లు చూపించాలి. అయితే మేడ మీదికి ఎక్కి, "రేపు పొద్దుటికల్లా కావాలి" అని మాత్రం ఈసారి నేను అనను.